నాలుగో పక్కటెముక

మొదటి నుంచీ నా వెంట వస్తున్నవాళ్లు కాస్త ఓపిక పట్టండి, కొత్తగా వచ్చినవాళ్లకు నాలుగు ముక్కల్లో చెప్పి అసలు సంగతికి వచ్చేస్తాను. నేను మహానగరంలో ఒక పెద్దాసుపత్రిలో పదకొండేళ్లు ఎక్స్‌రేలు తీశాను. మా ఆయన ఎక్స్‌రే ఫిల్ములూ, వాటిని కడిగే మందులూ అమ్మే కంపెనీలో తిరుగుడు ఉద్యోగం చేసేవాడు. మొగుణ్ని పట్టుకుని చేసేవాడు, చెప్పేవాడు అని రాస్తోందేమిటి అనుకునేవాళ్లు ఈ వారం భాగం పూర్తిగా చదివి, అప్పుడు నన్ను తిట్టండి.

నాలుగు నెలల క్రితం ఆయనే అన్నాడు, ఎక్కడో ఒక చిన్న ఊరుందట, గాలి బాగుంటుందట, అక్కడి ఆసుపత్రిలో నీకు ఎక్స్‌రే పని, పలుగురాళ్ల మిల్లులో నాకు స్టోర్సు పని ఇస్తారట అని. సామాను లారీకెక్కించుకుని వచ్చేశాం. ఊరి మొదట్లోనే తెలిసింది, గాలి మాట అటుంచి గాలిలో ఏముందో. మిల్లులో పలుగురాయిని పిండి కొడతారు. ఆ పిండి ఆకుల మీద, అరుగుల మీద, ఆరేసిన బట్టల మీద తెల్లగా కూర్చుంటుంది. ఊళ్లో సగం మంది ఒకేలా దగ్గుతారు, పొడిగా, మర్యాదగా, మాట మధ్యలో. దానికి పిండి దగ్గు అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. వచ్చిన రోజున టీ కొట్టాయన నాకు మామూలు టీ, మా ఆయనకు అడక్కుండానే చక్కెర లేని టీ ఇచ్చాడు. చూశారా, చిన్న ఊరి వాళ్లకు మనిషి ముఖం చూస్తేనే తెలిసిపోతుంది అని మురిసిపోయాను. నా అంత తెలివైనది ఇంకొకతె ఉంటే చూపించండి.

పోయినవారం ఎక్కడ ఆగామంటే, మిల్లులో బస్తాలు కుట్టే ముసలాయన దగ్గరా, నేను తెరిచిన ఇనుప బీరువా దగ్గరా. ఊరంతా ఆయన్ని దబ్బనం బాబాయ్ అంటారు. మిల్లుకు చెప్పకుండా తనంతట తాను దగ్గుకుంటూ మా ఆసుపత్రికి వచ్చాడు. డాక్టరు గురువారాలు మిల్లులో కూర్చుంటాడు, రెండింటికి గాని రాడు. ఆయన రాసే చీటీ లేకుండా ఫిల్ము తీయకూడదు. కానీ ఆ ఆయాసం చూశాక చీటీ కోసం ఆగబుద్ధి కాలేదు, తీసేశాను. ఊపిరితిత్తుల నిండా తెల్లటి చుక్కలు, పిడికెడు నూకలు జల్లినట్టు.

నగరంలో మా పెద్ద టెక్నీషియను ఒకావిడ ఉండేది. పాత ఫిల్ము అడగకుండా కొత్త ఫిల్ము చూసినవాడు సగం గుడ్డివాడు అనేది. అక్కడ కంప్యూటరే పాతదాన్ని పక్కన తెచ్చి పెట్టేది. ఇక్కడ ఫిల్ము చీకటిగదిలో కడిగి, హ్యాంగరుకు తగిలించి ఆరబెట్టుకోవాలి, పాతది బీరువాలో వెతుక్కోవాలి. "పాత ఫిల్ములు ఎవరడుగుతారమ్మా, చిత్తుకాగితాలు అవి" అని ఆయా నవ్వింది. నవ్వుతూనే తాళం చెవి ఇచ్చింది. దబ్బనం బాబాయ్ పేరున్న కవరు తీసి, ఎనిమిది నెలల నాటి ఫిల్మును లైటుపెట్టె మీద కొత్తదాని పక్కన పెట్టాను.

అక్కడి నుంచి చెబుతాను.

పాత ఫిల్ము తేటగా ఉంది. ఒక్క చుక్క లేదు. ఎనిమిది నెలల్లో ఇంత జబ్బా అని నిట్టూర్చి, అలవాటు ప్రకారం పైనుంచి కిందికి ఎముకలు చూసుకుంటూ వచ్చాను. కుడివైపు నాలుగో పక్కటెముక దగ్గర నా చూపు ఆగింది, ఆగి నాకు నవ్వొచ్చింది. ఆ ఎముక ముందువైపు చివర రెండుగా చీలి ఉంది, జామకొమ్మ పంగలా. పుట్టుకతో వస్తుంది. నొప్పి ఉండదు, బాధ ఉండదు, ఫిల్ము తీస్తే తప్ప ఉన్నవాడికే తెలియదు. నూరుమందిలో ఒకరికుంటుందేమో.

మా ఆయనకు ఉంది. మా పరిచయమే దానితో మొదలైంది. కంపెనీలో చేరేముందు వైద్యపరీక్ష అని మా ఆసుపత్రికి వచ్చాడు. ఫిల్ము చూసి, "మీ గుండె మీద చెట్టు మొలుస్తోందండీ" అన్నాను. మనిషి నిజంగా భయపడ్డాడు. ఆ భయం చూసి జాలేసింది, జాలి పెళ్లిదాకా వచ్చింది. తొమ్మిదేళ్లుగా ఇంట్లో అలిగినప్పుడల్లా ఆయన కుడివైపు రొమ్ము మీద వేలు పెట్టి, కొమ్మ ఎలా ఉంది అని అడిగేదాన్ని.

దబ్బనం బాబాయ్‌కీ కొమ్మ ఉందన్నమాట, సాయంత్రం ఇంట్లో చెప్పాలి అనుకుంటూ పక్కనున్న కొత్త ఫిల్ము వైపు చూశాను. ఇంకా తడారలేదు, అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. కుడివైపు నాలుగో పక్కటెముక నున్నగా, ఒకే ముక్కగా ఉంది.

ఎనిమిది నెలల్లో మనిషి చిక్కిపోవచ్చు. ఊపిరితిత్తి పాడైపోవచ్చు. చీలిన ఎముక మాత్రం మళ్లీ ఒకటవదు. ఫిల్ము తిరగేసి పెట్టానేమో అని చూశాను, కుడి ఎడమలు చెప్పే సీసపు అక్షరం సరిగ్గానే ఉంది. కవరు మార్చేసి ఉంటారులే అని, కింద ఉన్న కవరు తీశాను. లోడింగు పనివాడు, ముప్పై ఏళ్లవాడు. చీలిన ఎముక. ఇంకొకటి. జల్లెడ దగ్గర పనిచేసేవాడు, యాభై దాటినవాడు. చీలిన ఎముక. వాచ్‌మను. కొమ్మే. మరి ఈ ఊళ్లో మగవాళ్లంతా ఒకే అచ్చులో పోసిన బొమ్మలా?

నలభై ఒకటి దాకా లెక్కపెట్టి ఆపేశాను. అన్నీ మిల్లు ఫిల్ములే, అన్నీ తేటగానే ఉన్నాయి. తేదీలు రెండేళ్ల మూడు నెలల కిందటి నుంచి మొదలై ఎనిమిది నెలల క్రితం ఆగాయి. మేం ఈ ఊరు వచ్చి నాలుగు నెలలే కదా. కాబట్టి ఇతను ఎవరో వేరే మనిషి, నూరుమందిలో ఒకడు, పాపం ఎవడో, అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఆ మాటను ఎంత గట్టిగా పట్టుకున్నానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

అప్పుడు ఎడమ జబ్బఎముక చూశాను, మెడ నుంచి భుజానికి అడ్డంగా ఉండేది.

పద్నాలుగు నెలల క్రితం మా ఆయన వానలో స్కూటరు మీంచి పడ్డాడు. ఎడమ జబ్బఎముక పగులు. నేనే పట్టీ కట్టాను, నేనే నెలరోజులు అన్నం కలిపి పెట్టాను. అతుక్కున్న చోట చిన్న బుడిపె మిగిలింది, చెయ్యి వేస్తే తగులుతుంది. ఫిల్ములను తేదీల వరసలో నేల మీద పేర్చాను. పద్నాలుగు నెలలకు ముందువాటిలో జబ్బఎముక నున్నగా ఉంది. తర్వాతి ప్రతి ఫిల్ములోనూ బుడిపె ఉంది, అదే చోట, అదే ఎత్తున.

నేల మీద చతికిలబడ్డాను. నా చుట్టూ నలభై ఒక్కమంది పేర్లతో నా మొగుడు పడి ఉన్నాడు. నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపమూ కాదు. టీ కొట్టాయన గుర్తొచ్చాడు, అడక్కుండా ఇచ్చిన చక్కెర లేని టీ గుర్తొచ్చింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ తొమ్మిదేళ్లుగా నేను వేలు పెట్టి ఆటపట్టించే ఎముకే గుర్తుగా వదిలిపెట్టాడు, ఎవరూ చూడరనే ధైర్యంతో.

బయట బల్ల మీద దగ్గు వినిపించింది. ఫిల్ములన్నీ కవర్లలో పెట్టి లేచాను. దబ్బనం బాబాయ్ కొత్త ఫిల్మును మాత్రం బీరువాలో పెట్టబుద్ధి కాలేదు. కిరణాలు తగలకుండా మేం తొడుక్కునే సీసం ఆప్రాను గోడకు వేలాడుతోంది, దాని వెనక మేకుకు తగిలించాను.

"ఎలా ఉందమ్మా?" అన్నాడాయన.

"చెబుతాను బాబాయ్. ముందు ఇది చెప్పు. పోయినసారి నీకు ఫిల్ము తీసినప్పుడు ఎక్కడ నిలబెట్టారు?"

"నిలబెట్టడమేంటమ్మా? మిల్లులో కుర్చీలోనే కదా. పెద్దడాక్టరుగారు చల్లటి గొట్టం రొమ్ము మీద పెట్టి విన్నారు. వేలిముద్ర వేయించుకున్నారు. ఎక్స్‌రే అయిపోయింది, బాగున్నావు, వెళ్లి కుట్టుకో అన్నారు." ఒక్క క్షణం ఆలోచించి చిన్నగా నవ్వాడు. "ఇవాళ నువ్వు పలక కరుచుకుని నిలబడమన్నావే, అదేదో కొత్తరకం మిషను అనుకున్నా. నగరం నుంచి తెచ్చావేమోనని."

నలభై ఏళ్లు బస్తాల నోళ్లు కుట్టిన మనిషి. తన ఛాతీ ఫొటో ఒక్కసారైనా ఎవరూ తీయలేదని ఆయనకు తెలియదు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను.

"ఇక్కడే కూర్చో బాబాయ్. డాక్టరు పిలిచినా నాకు చెప్పకుండా వెళ్లొద్దు."

ఆయా పెరట్లో ఫోను చెవికి పెట్టుకుని ఉంది. ఆమెకు ఊరు పెట్టిన పేరు రేడియో, నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రోజు పొద్దున్నుంచీ ఒకటే పాట, సోమవారం నుంచి వాళ్లమ్మాయికి మిల్లులో పని దొరికిందని. ఆడవాళ్లను కొత్తగా పిండి ప్యాకింగులో పెడుతున్నారట. వాళ్లమ్మాయికి ఇరవై రెండేళ్లు, మనిషి నాజూకు, బస్తాలు మోయక్కర్లేని పని అని ఒకటే సంబరం. ఫోనులో అదే చెబుతోందనుకుని పట్టించుకోలేదు.

మా ఇల్లు ఆసుపత్రి వెనకవీధిలో. రోజూ ఒంటిగంటకు మా ఆయన మిల్లు నుంచి వచ్చి నన్ను భోజనానికి తీసుకెళ్తాడు. ఆ రోజూ వచ్చాడు. చెప్పులు గుమ్మంలో దులిపి, జుట్టు మీద పిండి తుడుచుకుంటూ, "ఆకలేస్తోంది, పద" అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడంటే, ఇదంతా నేనే ఏదో తప్పు చూశానేమో అని ఒక్క క్షణం ఆశపడ్డాను.

"ఒక్క నిమిషమండీ. మీ జబ్బ చూద్దాం. రాత్రి నొప్పన్నారుగా."

"ఇప్పుడెందుకు? తగ్గిపోయింది."

"ఫిల్ము తీస్తాను. చొక్కా విప్పండి."

మా ఎక్స్‌రే పనివాళ్లలో ఒక పట్టింపు ఉంది. సొంతవాళ్లకు మన చేత్తో ఫిల్ము తీయం, కన్ను మంచిదే చూస్తుందని. పెళ్లయ్యాక నేను ఆయనకు ఒక్క ఫిల్ము తీయలేదు, స్కూటరు మీంచి పడ్డప్పుడు కూడా పక్కవాళ్లతో తీయించాను. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కాసేపు నా ముఖంలోకి చూశాడు. నేను చూపు తిప్పుకుని, ఫిల్ము పెట్టిన క్యాసెట్టు స్టాండులో బిగించాను.

"చొక్కా ఎందుకు, చెయ్యేగా" అన్నాడు.

"ఛాతీ మొత్తం పడాలి."

విప్పాడు. నేను సీసం తెర వెనక్కి వెళ్లాను. ఒక్క మాట మాత్రం అన్నాను, నిలబడండి అని.

ఇక్కడ మా పని సంగతి ఒకటి చెప్పాలి. ఛాతీ ఫిల్ముకు నిలబడటం ఎవరికీ పుట్టుకతో రాదు. గడ్డం ఎత్తి స్టాండు అంచు మీద పెట్టాలి. చేతులు వెనక్కి మడిచి నడుం మీద ఆన్చాలి. మోచేతులు ముందుకు నెట్టాలి, అప్పుడే భుజాల రెక్కలు పక్కకు తప్పుకుంటాయి. ఎంత చదువుకున్నవాడైనా మొదటిసారి ఇందులో ఒకటి తప్పుతాడు. నేనే తెర వెనక నుంచి వచ్చి, భుజాలు పట్టి, బొమ్మను సర్దినట్టు సర్దాలి. పదకొండేళ్లలో నేను సర్దని మనిషి లేడు.

మా ఆయన వెళ్లి నిలబడ్డాడు. గడ్డం పైకి వెళ్లింది, చేతులు నడుం మీదికి, మోచేతులు ముందుకు. ఒక్క ఊపులో, నిద్రలో దుప్పటి లాక్కున్నంత తేలిగ్గా. నేను స్విచ్చు సగం నొక్కాను. మిషను గుయ్యిమంది. ఊపిరి పీల్చి పట్టండి అని నేను అనాలి, అనలేదు. ఆ గుయ్యిమన్న చప్పుడుకే ఆయన ఊపిరి నిండా పీల్చి బిగబట్టాడు.

నేను రెండో సగం నొక్కలేదు. చెయ్యి తీసేశాను. మిషను తగ్గి తగ్గి ఆగిపోయింది. ఆయన ఇంకా ఊపిరి పట్టుకునే ఉన్నాడు, టక్కుమనే చప్పుడు కోసం.

"వదలండి. ఎన్నిసార్లు నిలబడ్డారు?" అన్నాను.

ఊపిరి వదిలాడు. తిరగలేదు. గడ్డం స్టాండు మీదే ఉంది.

"దేని సంగతి నువ్వనేది?"

"బీరువా తెరిచాను. నలభై ఒకటి చూశాను. ఇంకా కింద అరలో ఉన్నాయి. చెప్పండి, ఎన్ని?"

గడ్డం స్టాండు మీంచి తీసి నెమ్మదిగా ఇటు తిరిగాడు. తర్వాత చొక్కా కోసం చెయ్యి చాచాడు. చొక్కా జారి కింద పడింది, తీసుకోలేదు.

"మొదటిసారి నిజంగా సాయమే" అన్నాడు. "ఫిల్ములు అమ్ముకోడానికి వచ్చాను. మిల్లు తనిఖీ వాళ్లు మర్నాడు వస్తున్నారు, ఇద్దరు మనుషులు ఊళ్లో లేరు, రెండు ఫిల్ములు తక్కువ. కాస్త నిలబడు బాబూ, నీదేం పోతుంది అన్నాడు పెద్దడాక్టరు. నవ్వుకుంటూ నిలబడ్డాను. రెండోసారి వచ్చినప్పుడు ఆరు. ఆ తర్వాత అడగడం మానేశాడు, తారీఖు చెప్పేవాడంతే."

"కుదరదని చెప్పలేకపోయారా?"

"మొదటి ఫిల్ము కవరు మీద నా అసలు పేరు రాసి తన సొరుగులో పెట్టుకున్నాడు. చీలిన ఎముక చూపించి మరీ చెప్పాడు. ఇది నీ సంతకం అన్నాడు." గొంతు సవరించుకున్నాడు. ఆ సవరించుకోవడంలో పిండి దగ్గు తొంగి చూసింది, అప్పుడు గమనించాను. "ఎవరు చూస్తారు అనుకున్నాను. అందరూ ఊపిరితిత్తుల్లో చుక్కలు వెతుకుతారు గాని ఎముకలు ఎవరు చూస్తారు?"

"నేను చూస్తానని మీకు తెలుసు. తెలిసీ నన్ను ఈ బీరువా పక్కన తెచ్చి పెట్టారు. ఎందుకు?"

 ఆయన తల ఇంకా కిందికి వంగింది. ఆ మనిషిని అంత చిన్నగా నేనెప్పుడూ చూడలేదు. జాలి వేసింది, అవును, అప్పుడు కూడా. పెళ్లికి ముందు వేసిన జాలే. దాన్ని పట్టుకుని నేను ఎంత దూరం వచ్చేశానో చూసుకున్నాను. 

బయట గొంతు వినిపించింది. రెండింటికి గాని రాని మనిషి ఒకటిన్నరకే వచ్చేశాడు. మా రేడియో ఆయా ఫోనులో ఎవరితో మాట్లాడిందో అప్పుడు అర్థమైంది.

"ఏం దబ్బనం, ఇక్కడున్నావ్?" డాక్టరు గొంతు మెత్తగా ఉంటుంది, నొప్పి ఉన్నవాడికి ఆ గొంతు వింటేనే సగం తగ్గుతుంది. "దగ్గా? నీ ఫిల్ము నేను చూశానుగా, నిక్షేపంలా ఉన్నావు. పో, ఇంటికి వెళ్లి వేణ్నీళ్లు తాగు."

"అమ్మాయిగారు ఉండమన్నారు బాబూ."

"నేను వచ్చానుగా. వెళ్లు."

మీ దయ బాబూ అన్న మాట వినిపించింది. తర్వాత దగ్గు వీధి మలుపు దాకా వెళ్లి ఆగిపోయింది. నేను తలుపు దాకా పరుగెత్తాను. డాక్టరు అప్పటికే లోపలికి వస్తున్నాడు. అరవై దాటినవాడు, నెమ్మదస్తుడు. ఎదురొస్తే మనమే దారి వదులుతాం. నేనూ వదిలాను, అలవాటు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చొక్కా లేకుండా నిలబడ్డ మా ఆయన్ని చూశాడు, వెలుగుతున్న లైటుపెట్టెను చూశాడు, చెయ్యి చాపి దాన్ని ఆపేశాడు.

"పాత ఫిల్ములు అడగడం మంచి అలవాటమ్మాయ్. మా ఊళ్లో ఇన్నాళ్లూ ఎవరికీ లేదు. ఇవాళ తీసిన ఫిల్ము ఏది?"

"పాడైంది. వెలుతురు తగిలింది" అన్నాను. ఆప్రాను వైపు చూడకుండా ఉండటానికి నా ఒళ్లంతా బిగబట్టుకోవాల్సి వచ్చింది.

"పోనీలే. చీటీ లేని ఫిల్ము తీయకపోవడమే మంచిది."

"ఆయన ఊపిరితిత్తుల్లో చోటు లేదు డాక్టరుగారూ. మీరు బాగుందని రాసిచ్చారు. అందరికీ రాసిచ్చారు."

"రాసిచ్చాను. రాయకపోతే మిల్లు మూస్తారు. మిల్లు మూస్తే ఈ ఊళ్లో ఒక్క పొయ్యి వెలగదు. నువ్వు నగరం నుంచి వచ్చావు, అక్కడ ఒక తలుపు మూస్తే పది తెరుచుకుంటాయి. ఇక్కడ ఉన్నది ఒక్కటే తలుపు."

"పొయ్యి వెలిగితే సరిపోదండీ. ఊదడానికి ఊపిరి కూడా ఉండాలి."

ఆయనకు కోపం రాలేదు. వచ్చి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు. మందులిచ్చేముందు పిల్లలను చూసినట్టు నన్ను చూసి, సంచిలోంచి స్టిక్కర్ల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. కవర్ల మీద అంటించే పేర్ల స్టిక్కర్లు. పేరు, వయసు, తారీఖు. తారీఖు ఆ రోజుదే. అన్నీ ఆడపేర్లే. పైనున్న పేరు నేను ఆ పొద్దున్నుంచీ వందసార్లు విన్నది. రేడియో కూతురు, ఇరవై రెండేళ్లు.

"ముప్పై రెండు మంది. సోమవారం చేరుతున్నారు. రేపు సాయంత్రానికి ఫిల్ములు తనిఖీ ఆఫీసుకు వెళ్లాలి."

"రమ్మనండి. రాత్రంతా కూర్చుని అయినా ఒక్కొక్కరికీ తీస్తాను. తీసింది తీసినట్టు పంపిద్దాం."

"వాళ్లెందుకమ్మా రావడం? సగం మందికి చిన్నప్పటి నుంచీ ఈ గాలే. ఇప్పటికే కొందరికి చుక్కలు ఉంటాయి. చూస్తే చేర్చుకోలేం." తల ఊపాడు. "మామూలుగా అయితే మీ ఆయనే చాలు. కానీ ఆడవాళ్ల ఫిల్ములో ఆడదాని నీడ పడాలి. ఛాతీ దగ్గర తేడా తెలిసిపోతుంది. నీకు నేను చెప్పాలా? ఇదివరకు ఉన్న టెక్నీషియను ఒంటరివాడు, ఆడమనిషిని నేనెక్కడ తేను సార్ అని ఉద్యోగం వదిలి వెళ్లిపోయాడు. అప్పుడు మీ ఆయన్ని అడిగాను, నీ భార్యది కూడా ఇదే పనటగా అని."

 హ్యాంగర్ల నుంచి తొట్టిలోకి నీళ్లబొట్లు పడుతున్న చప్పుడు. గాలి బాగుంటుందట. నీకు పని ఇస్తారట. లారీలో నా పక్కన కూర్చుని, కూడలి బోర్డు కనబడకముందే ఎడమకు తిప్పు అని డ్రైవరుకు చెప్పిన మనిషి. నాకు తెలిసినవన్నీ వరసగా వచ్చి ఒక్కొక్కటీ తన చోట కూర్చున్నాయి.

మా ఆయన వైపు తిరిగాను.

"ఇందుకా నన్ను తీసుకొచ్చావు?"

తొమ్మిదేళ్లలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. ఆయనకూ అది తగిలింది. తల ఎత్తి నన్ను చూశాడు. కళ్లనిండా నీళ్లున్నాయి. అవి నిజం నీళ్లే, ఇప్పటికీ అదే అంటాను. నేల మీది చొక్కా తీసుకోకుండానే నన్ను దాటుకుని తలుపు వైపు నడిచాడు.

పద, ఇంటికి పోదాం అంటాడనుకున్నాను. ఇవాళే సామాను సర్దుదాం అంటాడనుకున్నాను. అంత మాట చాలు, మిగిలినదంతా తర్వాత దెబ్బలాడుకోవచ్చు, అని నేను ఆప్రాను వైపు ఒక అడుగు వేశాను కూడా. దబ్బనం బాబాయ్ ఫిల్ము దాని వెనకే ఉంది. చీరకొంగు చాటున పట్టుకుపోవచ్చు.

తలుపు మూసుకుంది. గడియ పడింది.

డాక్టరు నా ఎదురుగా కుర్చీలోనే కూర్చుని, మొదటి స్టిక్కరు జాగ్రత్తగా ఊడదీస్తున్నాడు. మా ఆయన తలుపు దగ్గర నుంచి సీసం తెర వెనక్కి వెళ్లాడు, ఇన్నాళ్లూ నేను నిలబడ్డ చోటికి. స్విచ్చు చేతిలోకి తీసుకున్నాడు. నా ముఖం చూడకుండా, నేను రోజూ అందరితో అనే మాటే, నా గొంతంత మెల్లగా అన్నాడు.

"గడ్డం స్టాండు మీద పెట్టు."